ఒక్క ఓటుతో పార్కులో ఏం మారుతుంది?

మీ ప్రశ్న, మా జవాబు

ప్రశ్న: నమస్కారమండీ. మేము షికాగో శివారులో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం, నాకు మూడేళ్ల క్రితం సిటిజన్‌షిప్ వచ్చింది. మా ఇంటి వెనకాల పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ల చిన్న చెరువు ఒకటుంది, వాననీళ్లు నిలవడానికి తవ్వింది. నీటి అంచు దాకా గడ్డి నున్నగా కోసేస్తారు, అప్పుడప్పుడూ చిన్న జెండాలు గుచ్చి కలుపు మందు కొడతారు. ఎండాకాలం వచ్చిందంటే నాచు కట్టి ఒకటే వాసన. ఈమెయిళ్లు పెట్టీ పెట్టీ విసిగిపోయాను, మీ సూచనకు ధన్యవాదాలు అని వస్తుంది, అంతే. 2027 ఏప్రిల్‌లో పార్క్ బోర్డు ఎన్నికలున్నాయి కదా, నువ్వే నిలబడు అని పక్కింటావిడ అంటోంది. మావారేమో మనకెందుకీ రాజకీయాలు అంటున్నారు. అసలు టెన్షన్ ఇంకొకటి. ఆ చెరువు పక్కన ఉన్న ఖాళీ స్థలంలో క్రికెట్ గ్రౌండ్ కావాలని మన తెలుగువాళ్లే సంతకాలు పెట్టిస్తున్నారు, అందులో మా మరిది కూడా ఉన్నాడు. అక్కడ ప్రెయిరీ మొక్కలు, అంటే ఇక్కడి సహజ గడ్డిభూముల్లో పెరిగేవి, పెంచాలని నా కోరిక. నిలబడనా, వద్దా?
(పేరు వద్దన్నారు, ఇల్లినాయిస్)

జవాబు: నిలబడండి.

అయితే ఎన్నికల కంటే ముందు ఒక పని ఉంది. వచ్చే నెల నుంచే మీ పార్క్ బోర్డు మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టండి. ఇల్లినాయిస్ చట్టం ప్రకారం మీటింగుకు కనీసం 48 గంటల ముందు అజెండా బయట పెట్టాలి, జనం మాట్లాడటానికి సమయం కూడా ఇవ్వాలి. నేనూ మా ఊరి పార్క్ బోర్డుకు నిలబడ్డదాన్నే. మొదటి ఆరు మీటింగులూ వెనక వరసలో కూర్చుని వినడమే తప్ప నోరు తెరవలేదు, స్విమ్మింగ్ పూల్ హీటర్ రిపేరు గురించి ముప్పావు గంట, బాస్కెట్‌బాల్ హాలు నేల గురించి ఇంకో అరగంట. అప్పటిదాకా పార్క్ బోర్డు అంటే చెట్ల గురించి మాట్లాడుకునే చోటు అనుకున్నాను. మీరు బోర్డులోకి వెళ్తే చేసే పనిలో ఎక్కువ భాగం ఇదే, అది ఇష్టంగా చేయగలనా అని ముందే మిమ్మల్ని మీరు అడిగి చూసుకోవాలి.

ఇండియా నుంచి చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఇల్లినాయిస్‌లో చాలా ఊళ్లలో పార్కులు మున్సిపాలిటీ చేతిలో ఉండవు. పార్క్ డిస్ట్రిక్ట్ అని వేరే స్థానిక ప్రభుత్వమే ఉంటుంది, ఇలాంటివి రాష్ట్రంలో 300కు పైగా ఉన్నాయి. ఇంటి ప్రాపర్టీ టాక్స్ బిల్లులో దానికంటూ ఒక వరస ఉంటుంది. దాని బోర్డులో ఎక్కువ చోట్ల ఐదుగురో ఏడుగురో కమిషనర్లు, జీతం ఉండదు, పార్టీ గుర్తులు ఉండవు, బేసి సంవత్సరాల ఏప్రిల్‌లో మొదటి మంగళవారం ఎన్నిక. అధ్యక్ష ఎన్నికలప్పుడు బారులు తీరే జనం ఈ ఎన్నికకు రారు, చాలా చోట్ల ఓటర్లలో ఐదో వంతు కూడా కదలరు. అందుకే ఒక వీధి వీధంతా తలుచుకుంటే ఫలితం తారుమారవుతుంది. నేను మొదటిసారి ఓడింది వంద లోపు ఓట్లతో, ఆ తేడా మా కాలనీలో ఓటెయ్యడం మర్చిపోయినవాళ్ల కంటే తక్కువే.

ఇప్పుడు అసలు సంగతి. గెలిస్తే మీ చేతికొచ్చేది ఒక్క ఓటు. ఏడుగురి బోర్డయితే మీతో పాటు ఇంకో ముగ్గురు చెయ్యెత్తాలి. గడ్డి కోసే మనిషికి మీరు నేరుగా చెప్పలేరు, ఆ పని బోర్డు నియమించిన డైరెక్టరుది, వాళ్ల సిబ్బందిది. బోర్డు చేతిలో ఉండేవి బడ్జెట్, విధానం, డైరెక్టరును పెట్టుకోవడం, తీసేయడం. కాబట్టి మీ చెరువు దగ్గర మందు ఆపించడం ఒక కమిషనరుగా మీ వల్ల కాదు, కానీ ఆటస్థలాల పక్కనా నీటి ఒడ్డునా ఏ మందు ఎప్పుడు కొట్టాలి, ఎవరికి ముందు చెప్పాలి అన్న విధానాన్ని తిరగరాయించడం నలుగురు కలిస్తే అవుతుంది. బోర్డులోని మిగతావాళ్లు కూడా సాయంత్రం ఉద్యోగం దిగి వచ్చి జీతం లేకుండా కూర్చునేవాళ్లే. వాళ్లను ఎన్నికల్లో శత్రువుల్లా తిట్టి గెలిస్తే, మర్నాడు చెయ్యెత్తమని అడగాల్సింది మళ్లీ వాళ్లనే.

సిబ్బంది గురించి నాకు బాగా గుర్తున్న విషయం ఒకటి చెప్తాను. మా పార్కులో నడకదారి పక్కన మిల్క్‌వీడ్ మొక్కలు ఒక పాతిక దాకా వాటంతటవే మొలిచాయి. విరిస్తే పాలు కారతాయి, ఆకు వెనక నూగు ఉంటుంది. మన జిల్లేడుకు దగ్గరి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. మన దగ్గర జిల్లేడాకు మీద పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుక ఉంటుందే, దాని వరసదే ఇక్కడి మోనార్క్, అది గుడ్లు పెట్టేది మిల్క్‌వీడ్ మీదే. 1975 నుంచి మోనార్క్ ఇల్లినాయిస్ రాష్ట్ర కీటకం కూడా. పిల్లల్ని తీసుకెళ్లి ఆకులు తిప్పి, ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి గుడ్లను చూపించాను. రెండు రోజుల తర్వాత వెళితే మొత్తం కోసేసి ఉంది, తెగిన కాడల చివర పాలు ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. మా చిన్నది ఏడ్చింది. నేను కోపంతో ఆఫీసుకు పొడుగాటి ఈమెయిల్ రాశాను, జవాబు లేదు. మరుసటి వారం ఆ గడ్డి కోసే బండి నడిపే ఆయనే ఎదురుపడ్డాడు. ఇంజను ఆపి, అది ఉంచాల్సిన మొక్కని నాకెవరూ చెప్పలేదమ్మా, ఓ నాలుగు కర్రలు పాతండి, నేను చుట్టూ తిప్పుకుని పోతాను అన్నాడు. కర్రలు పాతాం. ఇప్పటికీ ఆ చోటు వదిలేసి కోస్తున్నారు. ఈమెయిల్‌తో కానిది రెండు నిమిషాల మాటతో అయింది. మీరు బోర్డులోకి వెళ్లాక పెట్టే ప్రతి ప్రతిపాదనా ఇలాంటి మనిషి చేతుల మీదుగానే నడవాలి, ఆయనతో ముందు మాట్లాడండి.

ప్రచారంలో పర్యావరణం అన్న మాట వీలైనంత తక్కువ వాడండి. ఆ మాట తప్పని కాదు, నేను దాని కోసమే బతుకుతున్నాను, కానీ గుమ్మంలో నిలబడ్డ మనిషికి అది ఎక్కడో ధ్రువాల దగ్గర మంచు కరగడంలా వినిపిస్తుంది. చెరువు అనండి. వాసన అనండి. పార్కింగ్ లాట్‌లో చలికాలం చల్లే ఉప్పు గురించి చెప్పండి. ఒక్క టీస్పూన్ ఉప్పు 5 గ్యాలన్ల నీటిని పాడు చేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ విభాగం లెక్క చెప్తుంది, అది మళ్లీ నీళ్లలోంచి పోయేది కాదు. అలాగే పార్కింగ్ లాట్లకు నల్లగా నిగనిగలాడే పూత వేస్తారు చూడండి, అందులో కోల్ తారుతో చేసే రకం వాన పడ్డప్పుడు పొడిగా రాలి చెరువుల్లో చేరుతుంది, చేపలకూ కప్పలకూ హాని చేసే రసాయనాలు అందులో మామూలు తారు పూత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. టెక్సస్‌లో ఆస్టిన్ నగరం 2005లోనే దాన్ని నిషేధించింది, మిన్నెసోటా 2014 నుంచి రాష్ట్రమంతా ఆపేసింది. మీ డిస్ట్రిక్ట్ ఏ రకం వాడుతోందో మీకు తెలుసా? సమాచార చట్టం కింద అడగండి, 5 పనిదినాల్లో జవాబివ్వాలి, కావాలంటే ఇంకో 5 పనిదినాలు గడువు తీసుకోవచ్చు, మొదటి 50 పేజీల నకళ్లకు డబ్బు కూడా తీసుకోకూడదు. గడిచిన మూడేళ్లలో ఏ పార్కులో ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో, ఉప్పు ఎన్ని టన్నులు కొన్నారో, పార్కింగ్ లాట్లకు ఏ పూత వేశారో అడగండి. ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని మాట్లాడే మనిషికీ, బాధపడుతూ మాట్లాడే మనిషికీ బోర్డు ఇచ్చే విలువ ఒకటి కాదు.

ఇక క్రికెట్. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇదే, మీకు నిద్ర పట్టనివ్వనిది కూడా ఇదే అనుకుంటాను.

ప్రెయిరీ మీద మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. ప్రెయిరీ రాష్ట్రం అని పేరున్న ఇల్లినాయిస్‌లో ఒకప్పుడు 2.2 కోట్ల ఎకరాల గడ్డిభూమి ఉండేది, చెక్కుచెదరకుండా మిగిలింది దాదాపు 2,500 ఎకరాలు. వెయ్యి ఎకరాల పొలంలో మూల మీద పది సెంట్లు మిగిలితే ఎలా ఉంటుందో అలా. పది అడుగుల లోతుకు వేరు దించే గడ్డి ఉన్న చోట వాన నేలలోకి దిగుతుంది, అరచెయ్యంత లోతు కూడా వేళ్లు లేని లాన్ మీద నుంచి జారి చెరువులోకి పోతుంది. ఇదంతా నిజం. కానీ మీ మరిది అడుగుతున్నదీ న్యాయమే. వారమంతా తెర ముందు కూర్చున్న మనిషి ఆదివారం బంతి పట్టుకుని పరిగెత్తాలనుకోవడం, పిల్లలకు తనకొచ్చిన ఆట నేర్పాలనుకోవడం, ఇక్కడ బేస్‌బాల్‌కు పది గ్రౌండ్లు ఉన్నప్పుడు మాకు ఒక్కటి ఇవ్వరా అనడం. వాళ్లూ ఆ పన్ను కడుతున్నవాళ్లే.

ఇలాంటి తగువే వచ్చిన మిన్నెసోటాలోని మినియాపొలిస్ సంగతి చెప్తాను. అక్కడి పార్క్ బోర్డు 1883 నుంచి ఉంది, తొమ్మిదిమంది కమిషనర్లను జనమే ఎన్నుకుంటారు. హయవాథా అనే గోల్ఫ్ కోర్సును 2014లో వరద ముంచింది. తర్వాత చూస్తే అది అసలు చెరువు పక్క బురద నేలలో కట్టినదనీ, దాన్ని పొడిగా ఉంచడానికి ఏటా 20 కోట్ల గ్యాలన్లకు పైగా నీళ్లు తోడుతున్నారనీ బయటపడింది. పర్యావరణవాదులకు ఇంతకంటే తేలిక కేసు ఉండదు, నీళ్లను వాటి చోటుకు వదిలేయండి అన్నారు. కానీ ఆ గోల్ఫ్ కోర్సు నల్లజాతి ఆటగాళ్లకు ఊళ్లో సొంత చోటు లాంటిది. 1952 దాకా అక్కడి క్లబ్‌హౌస్‌లోకి వాళ్లను రానివ్వలేదు, సాలమన్ హ్యూస్ అనే ఆటగాడు పోరాడాక తలుపు తెరుచుకుంది, ఇప్పుడు ఆ క్లబ్‌హౌస్‌కు ఆయన పేరే ఉంది. అంత కష్టపడి తెరిపించుకున్న చోటును నీళ్ల పేరు చెప్పి తీసేస్తామంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఏళ్ల తరబడి తేలలేదు. 2021 ఎన్నికల తర్వాత వచ్చిన బోర్డు చివరికి 2022లో 18 హోల్స్ కోర్సును 9కి తగ్గించి మిగతా చోట నీళ్లకూ చెట్లకూ దారి ఇచ్చే ప్లాన్‌కు ఒప్పుకుంది. అప్పుడూ అందరూ సంతోషించలేదు. నీటి లెక్క ఎంత కరెక్టయినా, అక్కడ ఎవరి జ్ఞాపకం ఉందో మొదటి రోజే కూర్చుని విని ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదని నా అభిప్రాయం.

మీ కేసు ఇంత చిక్కుది కాదు. నీటి ఒడ్డున ఇరవై, ముప్ఫై అడుగుల వెడల్పున మొక్కల పట్టీ వేస్తే చెరువుకు జరగాల్సిన మేలు చాలావరకు జరుగుతుంది, మిగతా మైదానం ఆటకు ఉంటుంది. ఇంకో సంగతి మీ మరిదికి చెప్పండి. కెనడా బాతులు నీటి అంచు దాకా నున్నగా కోసిన గడ్డిని ఇష్టపడతాయి, ఒడ్డున నడుం ఎత్తు గడ్డి ఉంటే వెనక నక్క ఉందేమోనని ఆ దారిన రావడానికి భయపడతాయి. క్రికెట్ ఆడేవాళ్లను అడగండి, గ్రౌండ్ నిండా బాతు రెట్ట ఉంటే ఫీల్డింగ్ ఎలా ఉంటుందో వాళ్లే చెప్తారు. బౌండరీ దాటిన బంతి చెరువులో పడకుండా ఆ గడ్డే ఆపుతుంది కూడా. ఈ ఆదివారం మీ మరిదిని, ఇంకో ఇద్దరు ఆటగాళ్లను చెరువు గట్టుకు పిలిచి, ఫ్లాస్కులో టీ తీసుకెళ్లి, టేపుతో అడుగులు కొలవండి. పిచ్ ఎటు, పట్టీ ఎటు అని నేల మీద సున్నంతో గీయండి. మీరిద్దరూ కలిసి ఒకే కాగితం పట్టుకుని బోర్డు ముందుకు వెళ్తే, ఎన్నిక దాకా ఆగకుండానే పని కావచ్చు.

నామినేషన్ గురించి త్వరగా చెప్తాను. డిస్ట్రిక్ట్‌లో కనీసం ఏడాదిగా ఉంటూ, ఓటరుగా నమోదై ఉండాలి. మొదటిది మీకుంది, రెండోది ఉందో లేదో చూసుకోండి. ఏప్రిల్ ఎన్నికకు కాగితాలు అంతకుముందు ఏడాది చివర్లోనే ఇవ్వాలి, అంటే నామినేషన్‌కు మద్దతుగా ఓటర్ల సంతకాల సేకరణ ఆకులు రాలే కాలంలోనే. ఎన్ని సంతకాలు కావాలో, తేదీలేమిటో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, చెప్పినదానికి రెట్టింపు సేకరించండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మొదటిసారి చాలా ఇళ్లలో భర్త లేకపోతే భార్యే ఇద్దరి పేర్లూ రాసి ఇచ్చింది, మన ఇళ్లలో అది మామూలే కదా అని నేనూ ఊరుకున్నాను. ఎవరి సంతకం వాళ్లే పెట్టాలి. గడువు ముగిశాక 5 పనిదినాల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, చెప్పారు, ఒకే చేతిరాతలో ఉన్న జంటలన్నీ కొట్టేశారు. రెండు సంతకాలు ఎక్కువ ఉండబట్టి బయటపడ్డాను, ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. సంతకాలు సేకరించే మనిషి కూడా సిటిజన్ అయ్యుండాలి, ప్రతి పేజీ కింద వాళ్లు నోటరీ ముందు సంతకం చేయాలి, పేజీలకు వరసగా నంబర్లు వేసి కలిపి గట్టిగా బిగించాలి. కౌంటీ క్లర్కు దగ్గర ఆర్థిక వివరాల ఫారం ఇచ్చి రసీదు తెచ్చుకోవడం మర్చిపోవద్దు, చాలామంది అక్కడే దొరికిపోతారు.

మీవారు వద్దంటున్నారని రాశారు. ఆయన భయం నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే మాట. మన పేరు, మన రంగు ప్రచార బోర్డు మీద కనపడితే ఎవరేమంటారో అని. కొందరు అంటారు, నా ఇంటి ముందు పెట్టిన బోర్డు రెండుసార్లు పీకేశారు. అయితే అదే వారం, ఎప్పుడూ పలకరించని ఎదురింటి ముసలాయన సుత్తి తెచ్చి తన లాన్‌లో నా బోర్డు పాతుకున్నాడు. మీ ఆయన్ను ఒక్క మీటింగుకు వెంట తీసుకెళ్లండి. ముప్పావు గంట హీటర్ రిపేరు విన్నాక ఇది రాజకీయమో, ఇంటి పనో ఆయనే చెప్తారు.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. మా స్నేహితురాలు లోకల్ ఎన్నికల్లో నిలబడుతోంది. ఖర్చులకు రెండొందల డాలర్లు ఇద్దామనుకుంటున్నాను. చిన్న ఎన్నికే కదా, పర్వాలేదా?
(న్యూజెర్సీ పాఠకుడు)

జవాబు: ఇవ్వొద్దు. ఫెడరల్ చట్టం విదేశీ పౌరుల విరాళాలను అధ్యక్ష ఎన్నికకే కాదు, ఊరి ఎన్నికకు కూడా నిషేధిస్తుంది, పది డాలర్లైనా అంతే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, వాళ్లకు ఓటు మాత్రం లేదు. భార్య పేరు మీద మీ డబ్బు పంపించడం అంతకంటే తప్పు. జీతం తీసుకోకుండా సాయం చేయడానికి మాత్రం అడ్డు లేదు. కరపత్రాలు మడతపెట్టండి, తలుపులు తట్టడానికి తోడు వెళ్లండి, ఆమె పిల్లల్ని ఒక శనివారం చూసుకోండి. నిలబడ్డ ఆడవాళ్లకు రెండొందల డాలర్ల కంటే ఆ శనివారమే ఎక్కువ అవసరం, ఇది అనుభవంతో చెప్తున్నాను.

ప్రశ్న: మా దగ్గర పార్క్ బోర్డూ లేదు, ఎన్నికా లేదు. కాలనీ లేఅవుట్‌లో పార్కు అని చూపించిన స్థలంలో ఎవరో రేకుల షెడ్డు వేశారు, ఇప్పుడు పునాది తీస్తున్నారు. మేమేం చేయాలి?
(హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: ముందు ఆమోదం పొందిన లేఅవుట్ కాపీ సంపాదించండి, సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. పునాది తీస్తున్నారు కాబట్టి అంతదాకా ఆగొద్దు, ఈరోజే తేదీ పడేలా ఫొటోలు తీసి మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 2024లో వచ్చిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ పార్కు స్థలాల ఆక్రమణల ఫిర్యాదులు కూడా తీసుకుంటోంది, అక్కడా ఇవ్వండి. మీకు గట్టి ఆధారం ఒకటుంది. బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే కాలనీవాళ్లు కోర్టుకెక్కారు, 1991లో సుప్రీంకోర్టు కాలనీవాళ్ల పక్షానే తీర్పిచ్చింది. ఆస్పత్రి లాంటి మంచి పనికే పార్కును మార్చనివ్వలేదు, రేకుల షెడ్డు ఎంత? ఒక్కరే వెళ్లకండి, కనీసం పదిమంది సంతకాలతో వెళ్లండి, కాలనీలో అందరికంటే పాత ఇంటివాళ్ల దగ్గర మొదటి ప్లాట్ల బ్రోచర్ ఉందేమో అడగండి. పార్కు అని ఆకుపచ్చ రంగు వేసి అమ్మిన కాగితం వాళ్ల బీరువాలో దొరికే అవకాశం ఉంది.